పన్ను మనది.. పరిశోధన ఎవరిది?

సింధనూరు: తుంగభద్ర ఎడమ కాలువ కింద నాట్లు పడి నెలన్నర దాటితే చాలు, క్యాంపు రైతుల కళ్లన్నీ ఆకుల మీదే ఉంటాయి. పచ్చగా ఉండాల్సిన ఆకు కొస నుంచి అంచుల వెంబడి పసుపు తిరిగి, ఎండుగడ్డిలా మారిందంటే అది బాక్టీరియా ఆకు ఎండు తెగులే. మందు కొడితే లొంగే రకం కాదు. వానకు గాలి తోడైతే మడి నుంచి మడికి పాకుతుంది. యూరియా ఎక్కువ వేసిన పొలంలో మరీ విజృంభిస్తుంది.

అలాంటి ఓ మడి గట్టు మీద తండ్రీ కొడుకులు నిలబడ్డారనుకోండి. కొడుకు బళ్లారిలో ఓ ప్రైవేటు కాలేజీలో బయోటెక్నాలజీ చదువుతున్నాడు.

''ఏరా, అంతమంది సైంటిస్టులున్నారు గదా.. దీన్ని తట్టుకునే బీపీటీ ఒక్కటీ కనిపెట్టలేదంట్రా?''

''ఎందుకు లేదు నాన్నా! 2008లోనే వచ్చింది. హైదరాబాద్‌లోనే చేశారు.''

''అయితే అందులో ఏం రాశారో చదివి చెప్పు మరి.''

కొడుకు ఫోన్ తీసి వెతుకుతాడు. నాలుగు లైన్ల సారాంశం కనబడుతుంది. మిగతాది చదవాలంటే డాలర్లు కట్టాలి. ''పైసలు అడుగుతోంది నాన్నా'' అంటాడు. ''మన సర్కారు చేసిన దానికి మనల్ని పైసలడిగేదెవర్రా?'' అని తండ్రి అడిగితే ఏం చెప్పాలి?

ఊహించుకున్న సన్నివేశమే అయినా ఆ ప్రశ్న మాత్రం నిజమైనది. ప్రజల సొమ్ముతో జరిగిన పరిశోధన ప్రజలకు ఎందుకు అందదు? అందించడానికి ప్రభుత్వాలు ఏం చేశాయి? సరిహద్దుకు అవతల స్థిరపడిన తెలుగువారికి అందులో దక్కింది ఎంత?

సాంబ మసూరి కథ

సింధనూరు, గంగావతి, కారటగి, సిరుగుప్ప చుట్టుపక్కల క్యాంపుల్లో 'బీపీటీ' అంటే వేరే వివరం చెప్పక్కర్లేదు. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204 అది. సాంబ మసూరి అన్నా అదే. సన్నగింజ, మంచి రుచి, మార్కెట్లో గిరాకీ. ఆకు ఎండు తెగులుకు మాత్రం తట్టుకోలేదు.

ఆ లోపం తీర్చడానికి హైదరాబాద్‌లోని రెండు ప్రభుత్వ సంస్థలు చేతులు కలిపాయి. ఒకటి వరి పరిశోధన సంచాలనాలయం. ఇప్పుడు దాని పేరు భారతీయ వరి పరిశోధన సంస్థ. రెండోది సీసీఎంబీ. తెగులును తట్టుకునే మూడు జన్యువులున్న వరితో సాంబ మసూరిని సంకరపరిచారు. పుట్టిన మొక్కలను మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే కలుపుతూ, డీఎన్ఏ గుర్తుల సాయంతో ఆ జన్యువులున్న వాటినే ఏరుకున్నారు. ఆ మూడింటిలో ఒకటి ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. ఇది జన్యుమార్పిడి పంట కాదు, సంకరంతో వచ్చిందే. గింజ పాతదే, రుచి పాతదే. తట్టుకునే శక్తి మాత్రం కొత్తది. 2008లో 'ఇంప్రూవ్డ్ సాంబ మసూరి'గా విడుదలైంది.

శాస్త్రవేత్తల జీతాలు, ల్యాబులు, పొలాలు అన్నీ ప్రజాధనంతో నడిచేవే. ఆ శ్రమను వివరించిన పరిశోధన పత్రం మాత్రం అదే ఏడాది విదేశీ ప్రచురణ సంస్థ స్ప్రింగర్ వేసే 'యుఫిటికా' పత్రికలో అచ్చయింది. అది చందా పద్ధతిలో నడిచే పత్రిక. ఇలాంటి పత్రికల్లో ఒక్క వ్యాసం కొనుక్కోవాలంటే 30, 40 డాలర్ల దాకా అవుతుంది. అంటే దాదాపు మూడు వేల రూపాయలు.

తప్పు శాస్త్రవేత్తలది అనడానికి లేదు. పేరున్న పత్రికలో పత్రం వస్తేనే పదోన్నతి, తర్వాతి ప్రాజెక్టుకు నిధులు. వ్యాసం రాసినందుకు పత్రిక వాళ్లకు పైసా ఇవ్వదు. బాగోగులు పరిశీలించే తోటి శాస్త్రవేత్తలకూ సాధారణంగా ఏమీ ముట్టదు. పరిశోధనకు జనం ఒకసారి చెల్లిస్తారు. దాన్ని చదవడానికి వర్సిటీ లైబ్రరీల చందా రూపంలో రెండోసారి చెల్లిస్తారు. అయినా రైతు ఇంటికి ఆ కాగితం చేరదు.

తలుపు తీసిన విధానాలు

ఈ ప్రశ్న ప్రభుత్వానికి తట్టలేదని కాదు. 2012లో జాతీయ డేటా పంపకం, అందుబాటు విధానం వచ్చింది. ప్రజాధనంతో కేంద్ర శాఖలు సేకరించిన, రహస్యం కాని లెక్కలన్నీ జనానికి తెరిచి ఉంచాలన్నది దాని సారం. డేటా డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్ పుట్టింది అప్పుడే.

2013 సెప్టెంబరులో భారత వ్యవసాయ పరిశోధన మండలి తన సొంత విధానం ప్రకటించింది. మండలి సంస్థల్లోని పరిశోధకులు తమ పత్రాల తుది ప్రతిని అందరికీ కనబడే ఆన్‌లైన్ భాండాగారంలో పెట్టాలంది. మండలి నడిపే వ్యవసాయ శాస్త్రాలు, పశు శాస్త్రాల పత్రికలు రెండూ 2010 నుంచే ఉచితం.

2014 డిసెంబరులో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, శాస్త్ర సాంకేతిక శాఖ కలిసి మరో అడుగు వేశాయి. తమ నిధులతో జరిగిన పని మీద వచ్చిన పత్రాల తుది ప్రతిని భాండాగారంలో జమ చేయాలన్నాయి. ప్రచురణ సంస్థ గడువు అడిగితే అది ఏడాదికి మించకూడదని సూచించాయి.

మాట బాగుంది. అమలే నత్తనడక. జమ చేయనివారిని గట్టిగా అడిగే యంత్రాంగం లేకపోయింది. అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్ 2008 నుంచే పత్రాలను ఏడాది లోపు ఉచితంగా ఉంచాలన్న షరతు పెట్టింది. 2025 జూలై 1 నుంచి ఆ ఏడాది గడువు కూడా ఎత్తేసింది. అచ్చయిన రోజే అందరికీ అందాల్సిందే. నిధులు ఇచ్చేవాళ్లు షరతుగా పట్టుబడితే తలుపు తెరుచుకుంటుందనడానికి అదే ఉదాహరణ.

ఆరు వేల కోట్ల తాళంచెవి

ఇక్కడ కేంద్రం వేరే దారి పట్టింది. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి ఆమోదం తెలిపింది. 2025, 2026, 2027.. మూడేళ్లకు రూ.6,000 కోట్లు. 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13 వేల పత్రికలకు దేశం మొత్తం తరఫున ఒకే చందా. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు నడిపే 6,300కు పైగా విద్యా, పరిశోధన సంస్థల్లోని 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులకు ఇది వర్తిస్తుంది. 2025 జనవరి 1న అమల్లోకి వచ్చింది.

మేలు చిన్నదేం కాదు. ఇంతకాలం ఐఐటీ విద్యార్థికి దొరికిన పత్రిక ఇకపై సరిహద్దు జిల్లాలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీ కుర్రాడికీ దొరకాలి. బరంపురంలో అయినా, బళ్లారిలో అయినా, యానాంలో అయినా సర్కారీ కాలేజీలో చదివే తెలుగు పిల్లలు ముందుగా తమ లైబ్రేరియన్‌ను అడగాల్సిన సంగతి ఇదే.

అయితే ఇది అద్దెకు తెచ్చిన తాళంచెవి. చందా ఉన్నన్నాళ్లే చెల్లుతుంది. పైగా మొదటి విడతలో ప్రభుత్వ సంస్థల వరకే. ప్రైవేటు కాలేజీ పిల్లలకు లేదు. గట్టు మీద నిలబడ్డ ఆ కుర్రాడికి లేదు. కాలేజీ గడపే తొక్కని తండ్రికి అసలే లేదు. పన్నులో వాటా మాత్రం అందరిదీ. అచ్చయిన పత్రం ప్రతిని భాండాగారంలో పెట్టించడానికి ఇంత ఖర్చు అక్కర్లేదు. ఆ తలుపు ఒకసారి తెరిస్తే రైతుకూ, విద్యార్థికీ, విలేకరికీ ఒకేలా తెరుచుకుంటుంది.

కడలి ఒడ్డున కనిపించిన దారి

పరిశోధన ఫలితం సామాన్యుడి చేతికి రావడం అసాధ్యమేమీ కాదు. అందుకు సాక్ష్యం తూర్పు తీరంలోనే ఉంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఉపగ్రహాలు పంపే సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతలు, నీటిలోని పచ్చదనం లెక్కలు చూసి చేపలు గుమిగూడే చోట్లను అంచనా వేస్తుంది. ఏ దిశలో, ఎంత దూరంలో, ఎంత లోతులో అన్నది చెబుతుంది. వేట నిషేధం రోజులు, సముద్రం అల్లకల్లోలంగా ఉన్న రోజులు తప్పిస్తే ఈ సమాచారం ఉచితం.

అసలు విశేషం భాషలో ఉంది. ఆ సూచనలు తెలుగులోనూ వస్తాయి, ఒడియాలోనూ వస్తాయి. గోపాల్‌పూర్ ఒడ్డున తరతరాలుగా తెలుగు మాట్లాడే గంగపుత్రులున్నారు. చదువుకున్న పిల్లలు ఒడియాలో చూస్తారు, పెద్దలకు తెలుగులో చెప్పించుకోవచ్చు. ఉపగ్రహం లెక్క పరిశోధన పత్రంలో ఆగిపోకుండా పడవ దాకా వచ్చింది. వెతుకులాట తగ్గితే డీజిల్ మిగులుతుంది. ఇక్కడ డేటా తెరవడంతోనే సరిపెట్టలేదు. అర్థమయ్యే మాటలోకి మార్చారు కూడా.

వరి పొలానికి అదే లోటు. కర్ణాటక వర్సిటీల సాగు సలహాలు కన్నడంలో వస్తాయి. తెలుగులో వచ్చే వ్యవసాయ పంచాంగం ఆంధ్రా నేలలకు, అక్కడి కాలువల నీటికి రాసింది. తుంగభద్ర క్యాంపుల్లో తెలుగు మాత్రమే చదివే పెద్దలు ఈ రెంటికీ మధ్య మిగిలిపోతున్నారు. హోసూరు, సిరొంచల్లోని తెలుగు రైతులకూ ఇలాంటి ఇబ్బందే.

ఇప్పుడే అందుకోదగినవి

తలుపు పూర్తిగా తెరుచుకునేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. 'కృషికోశ్' భాండాగారంలో వ్యవసాయ వర్సిటీల సిద్ధాంత గ్రంథాలు ఉన్నాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే 'శోధ్‌గంగ'లో దేశంలోని వర్సిటీల పీహెచ్‌డీ గ్రంథాలు ఉచితంగా చదవొచ్చు. తెలుగు భాషా సాహిత్యాల మీద చేసినవీ అందులో ఉన్నాయి. నేల, నీరు, పంటల ఉపగ్రహ పటాలకు హైదరాబాద్ ఎన్ఆర్‌ఎస్‌సీ నడిపే 'భువన్' ఉంది. కావాల్సిన పత్రం తాళం వెనక ఉంటే సారాంశం పేజీలో సాధారణంగా శాస్త్రవేత్త ఈమెయిల్ ఉంటుంది. ప్రతి పంపమని మర్యాదగా రాస్తే పంపేవారు చాలామందే ఉంటారు.

ఇంకో ఆయుధం 2005 నాటి సమాచార హక్కు చట్టం. ప్రభుత్వ పరిశోధన సంస్థలూ దాని కిందికే వస్తాయి. కేంద్ర సంస్థలకు దరఖాస్తు రుసుము రూ.10. వాణిజ్య రహస్యాలవంటి మినహాయింపులు పోగా మిగతా వాటికి 30 రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తు ఇంగ్లీషులో, హిందీలో లేదా పెట్టిన ప్రాంతపు అధికార భాషలో ఉండొచ్చు. క్యాంపు రైతుకు తెలుగులో పెట్టే వెసులుబాటు చట్టం రాసివ్వలేదు. కానీ అదే చట్టం నాలుగో సెక్షన్, సమాచారాన్ని అడగకముందే వెల్లడించాలనీ, అలా వెల్లడించేటప్పుడు స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోవాలనీ చెబుతోంది.

సింధనూరు క్యాంపులో స్థానిక భాష ఏది? కార్యాలయంలో కన్నడం. పొలం గట్టు మీద తెలుగు. రైతు సంఘాలు, తెలుగు సంఘాలు కలిసి పరిశోధన కేంద్రాల ముందు పెట్టాల్సిన కోరిక చిన్నదే. పత్రం మొత్తం అనువదించనక్కర్లేదు. ఏ తెగులుకు ఏ రకం తట్టుకుంటుంది, విత్తనం ఎక్కడ దొరుకుతుంది, ఏ నేలకు పనికిరాదు.. ఈ మూడూ ఒక్క పేజీలో కన్నడంతోపాటు తెలుగులోనూ అచ్చువేస్తే చాలు. గట్టు మీది తండ్రి కొడుకును అడగకుండా తానే చదువుకుంటాడు.