మీకు తెలుసా? జాజ్ పాఠంలో సగం మన ఇంట్లోనే ఉంది!

జాజ్ చదువు అనగానే ప్రపంచమంతా తలచుకునే కాలేజీ బర్క్‌లీ. దాన్ని పెట్టింది ఎవరో తెలుసా? ఒక ఇంజినీరు! పేరు లారెన్స్ బర్క్. చదివింది ఎంఐటీలో! 1945లో బోస్టన్‌లో చిన్న బడి తెరిచారు. అక్కడ ఏం నేర్పారు? లెక్కలు వేసి పాట కట్టడం! షిలింగర్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతి అది. అందుకే ఆ బడి మొదటి పేరు షిలింగర్ హౌస్! తెల్లాపూర్ అమ్మానాన్నలూ, విన్నారా? మీ ఇంట్లో లెక్కల్లో దిట్ట, కీబోర్డు వదలని పిల్ల ఉంటే... ఆ రెండూ ఒకే దారి!

ఇది అమెరికా వింత అనుకోకండి. మన పొరుగునే ఇంకొకరు ఉన్నారు! గిటారిస్ట్ ప్రసన్న. ఐఐటీ మద్రాసులో ఆయన చదివింది ఏమిటో ఊహించండి. ఓడల డిజైన్! ఆ తర్వాత బర్క్‌లీకి వెళ్లి సంగీత రచన చదివారు. కర్ణాటక కృతుల్ని ఎలక్ట్రిక్ గిటార్ మీద పలికించారు. ఆయన సంగీతం ఇచ్చిన 'స్మైల్ పింకీ' డాక్యుమెంటరీకి 2009లో ఆస్కార్ వచ్చింది! మనకూ కందిలో ఐఐటీ ఉంది. ఆ హాస్టల్ గదుల్లో ఎన్ని గిటార్లు మోగుతున్నాయో!

ఇప్పుడు అసలు రహస్యం. కాస్త దగ్గరికి రండి! డెంటన్ పేరు తెలుసు కదా? మన పిల్లలు ఎమ్మెస్‌కి వెళ్లే యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్ ఉన్న ఊరు. జాజ్‌కి మొట్టమొదటి డిగ్రీ పుట్టింది ఆ క్యాంపస్‌లోనే! 1947లో! జాజ్ అన్న మాట పైకి అనడానికి అప్పట్లో మొహమాటం. అందుకని డిగ్రీకి 'డాన్స్ బ్యాండ్' అని పేరు పెట్టారు! కంప్యూటర్ సైన్స్ కోసం విమానం ఎక్కిన ఎంతమంది మన పిల్లలు ఆ సంగీత విభాగం పక్కనుంచే నడిచి వెళ్లారో!

అక్కడి బ్యాండ్ల పేర్లు వింటే నవ్వొస్తుంది. 'వన్ ఓక్లాక్', 'టూ ఓక్లాక్', 'త్రీ ఓక్లాక్'! ఏ బ్యాండ్ ఎన్ని గంటలకు సాధన చేస్తే అదే దాని పేరు! అన్నిటికన్నా గొప్ప బ్యాండ్ ఏదంటారా? మధ్యాహ్నం 1 గంటది! మనవాళ్లు భోజనానికి లేచే వేళకి వాళ్లు ట్రంపెట్ ఎత్తుతారు!

పండిట్ రవిశంకర్ కూతురు నోరా జోన్స్ కూడా జాజ్ పియానో చదివింది ఆ డెంటన్‌లోనే! 2003 గ్రామీ వేడుకలో ఒక్క రాత్రే 5 అవార్డులు ఆమె చేతికి వచ్చాయి!

సరే, జాజ్ డిగ్రీ అమెరికాది. మరి మన సంగీతానికి బడి? విజయనగరం చూడండి! విజయరామ గాన పాఠశాల 1919లో మొదలైంది. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు! అమెరికాలో తొలి జాజ్ రికార్డు వచ్చి అప్పటికి రెండేళ్లే! జాజ్‌కి డిగ్రీ రావడానికి ఇంకా 28 ఏళ్లు ఉంది! ఘంటసాల, సుశీల చదువుకున్న బడి అది. జాజ్ ఇంకా వీధుల్లో, హోటళ్లలో పెరుగుతున్నప్పుడే మన పాటకు హాజరుపట్టీ ఉంది!

జాజ్ రచన చదివే విద్యార్థికి పెద్ద పరీక్ష ఏమిటో తెలుసా? 17 మందికి ఒకేసారి రాయాలి! 5 శాక్సఫోన్లు, 4 ట్రంపెట్లు, 4 ట్రాంబోన్లు, కింద పియానో, గిటార్, బేస్, డ్రమ్స్. ఇదీ బిగ్ బ్యాండ్! ఎవరూ ఎవరి మీదా పడకూడదు. అయితే తమాషా ఎక్కడుందో చూడండి. అంత కష్టపడి రాసే పేజీలో కావాలనే ఖాళీలు వదలాలి! అక్కడ వాయించేవాడు అప్పటికప్పుడు సొంతంగా కల్పించుకోవాలి. మన కచేరీలో కల్పనస్వరం గుర్తొచ్చిందా? నాకైతే వెంటనే అదే గుర్తొచ్చింది!

బిగ్ బ్యాండ్ దిగ్గజం డ్యూక్ ఎలింగ్టన్ ఇంకో అడుగు ముందుకేశారు. ఆయన కాగితాల మీద 'ట్రంపెట్' అని కాదు, ట్రంపెట్ వాయించే మనిషి పేరు ఉండేది! ఆ మనిషి ఊపిరి ఎలా ఉంటుందో తెలిసి, దానికే రాసేవారు. అలా ఒకే బృందాన్ని దాదాపు 50 ఏళ్లు నడిపించారు!

ఇక అన్నిటికంటే నాకు ఇష్టమైన ముచ్చట! జాజ్ విద్యార్థులకు చెమట పట్టించే పాఠం ఒకటుంది. పేరు 'మెలోడిక్ మైనర్'. పేరు చూసి భయపడకండి. ఆ స్వరాలు ఏమిటో తెలుసా? మన గౌరీమనోహరి! 23వ మేళకర్త! అచ్చంగా అవే ఏడు స్వరాలు! మీ అమ్మాయి సంగీతం టీచర్‌ని అడిగి చూడండి, తడుముకోకుండా పాడేస్తారు.

ఆగండి, ఇంకా ఉంది! గౌరీమనోహరిలో పంచమాన్ని షడ్జంగా పెట్టుకుని మళ్లీ పాడండి. చారుకేశి వచ్చేస్తుంది! మధ్యమాన్ని షడ్జం చేయండి. వాచస్పతి! రిషభాన్ని చేయండి. నాటకప్రియ! దీన్ని మనవాళ్లు గ్రహభేదం అంటారు. జాజ్ తరగతిలో 'మోడ్‌లు' అంటారు. వాచస్పతి స్వరాలకు అక్కడ 'లిడియన్ డామినెంట్' అని పేరు. మిగిలిన మూడు స్వరాల నుంచి మొదలుపెడితే మాత్రం పంచమం దొరకదు. పంచమం లేనిదే మేళకర్త కాదు కదా! అందుకని మన పట్టికలో వాటికి చోటు లేదు. జాజ్ వాళ్లు వాటినీ వదల్లేదు! మొత్తం 7 మోడ్‌లూ నేర్చుకోవాల్సిందే. మన గమకం వాళ్లకు కష్టం, వాళ్ల కార్డ్‌లు (ఒకేసారి పలికే స్వరాల గుంపులు) మనకు కొత్త. స్వరాలు మాత్రం ఒకటే!

జాజ్ దిగ్గజం మైల్స్ డేవిస్ 'సో వాట్' విన్నారా? జాజ్ చదివే ప్రతి విద్యార్థీ తప్పకుండా చేతులు పెట్టే రచన. అందులో వాడిన 'డోరియన్' స్వరాలు మన ఖరహరప్రియవే! త్యాగయ్య తెలుగులో కృతులు కట్టిన అదే ఖరహరప్రియ! ఆ రచన 32 బార్లు (తాళం కొలతలు). మధ్యలో 8 బార్లు మాత్రం అవే స్వరాల వరసని అర మెట్టు పైకి జరుపుతారు. అంతే, మళ్లీ కిందికి!

మన బాలమురళి సంగతి చెప్పకపోతే ఎలా? ఆయన మొత్తం 72 మేళకర్తల్లోనూ కృతులు రాశారు! ఏ జాజ్ ప్రొఫెసరైనా ఈ మాట వింటే కుర్చీలోంచి లేచి నిలబడాల్సిందే!

మన శ్రుతి కచేరీ మొత్తం కదలదు. తంబురా ఎక్కడ మొదలైందో అక్కడే ఉంటుంది. మరి జాజ్ దిగ్గజం జాన్ కోల్‌ట్రేన్ తన 'జయంట్ స్టెప్స్' రచనలో ఏం చేశారో చూడండి! కేవలం 16 బార్లలో 3 శ్రుతుల మధ్య గిరగిరా తిప్పారు! అదీ మహా వేగంగా! 1959లో రికార్డు చేసినప్పుడు పియానో మీద ఉన్న టామీ ఫ్లానగన్ అంతటి మేటి కూడా తడబడ్డారు. ఆ తడబాటు రికార్డులో ఇప్పటికీ వినిపిస్తుంది! నేటికీ విద్యార్థులకు అదే అగ్నిపరీక్ష.

తాళానికి వద్దాం. 'టేక్ ఫైవ్' అనే జాజ్ పాట లోకమంతా ఊపేసింది. ఎందుకంటే అందులో 5 దెబ్బలు! వాళ్లకు కొత్త. మనకు? ఖండచాపు! తేడా చిన్నదే. మనది 'తక తకిట', రెండు తర్వాత మూడు. వాళ్లది మూడు తర్వాత రెండు! చేత్తో కొట్టి చూడండి, ఇప్పుడే!

అమ్‌స్టర్‌డామ్ కన్సర్వేటరీలో విద్యార్థులు మన కర్ణాటక లయ నేర్చుకుంటారని తెలుసా? నిజం! అక్కడ నేర్పిన రఫాయెల్ రేనా 2015లో దాని మీద పెద్ద పుస్తకమే వేశారు. పాశ్చాత్య సంగీతంలో కర్ణాటక లయను ఎలా వాడాలో చెప్పే పుస్తకం! మృదంగం మన వీధిలో, పాఠం అమ్‌స్టర్‌డామ్‌లో!

పాలకొల్లు కుర్రాడొకడు బెర్లిన్ జాజ్ పండుగను ఊపేశాడంటే నమ్ముతారా? మాండొలిన్ శ్రీనివాస్! 1983! మీసాలు కూడా రాని వయసు! అరగంట వాయించమని పిలిచారు. జనం వదలక మరో గంట వాయించాల్సి వచ్చింది! తర్వాత జాజ్ గిటార్ మేరునగం జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన 'రిమెంబర్ శక్తి' బృందంలో కూర్చున్నారు. మెక్‌లాఫ్లిన్ ఏమన్నా తక్కువా? ఆయన అమెరికాలోని వెస్లియన్ యూనివర్సిటీలో వీణ నేర్చుకున్నారు! ఇంకో మాట. మన దేవిశ్రీప్రసాద్‌కి మాండొలిన్ గురువు కూడా ఈ శ్రీనివాస్ గారే!

లెక్కల మనుషులు జాజ్‌లోకి దూకడం ఆగలేదు. విజయ్ అయ్యర్ తమిళ కుటుంబం బిడ్డ. చదివింది గణితం, భౌతికశాస్త్రం! వాయించేది జాజ్ పియానో. 2014 నుంచి హార్వర్డ్‌లో సంగీత ప్రొఫెసర్!

తెల్లాపూర్ అపార్టుమెంట్లలో సాయంత్రం కీబోర్డు గ్రేడ్ పరీక్షలకు తయారయ్యే పిల్లల కోసం ఒక చిట్కా. గ్రేడ్ 8 డిస్టింక్షన్‌లో పాసైతే బ్రిటన్ యూనివర్సిటీల అడ్మిషన్ లెక్కలో 30 పాయింట్లు! ఆ సర్టిఫికెట్‌ని అల్మారా అడుగున పడేయకండి!

చివరగా, ఇది ఐటీ వాళ్లకే! మరియా ష్నైడర్ అనే జాజ్ రచయిత్రి మూడు యూనివర్సిటీల్లో సంగీతం చదివారు. 2020లో ఆమె తెచ్చిన ఆల్బమ్ పేరు 'డేటా లార్డ్స్'! అవును, మన డేటాని గుప్పిట్లో పెట్టుకున్న కంపెనీల మీద బిగ్ బ్యాండ్ సంగీతం! రెండు డిస్కులు. ఒకటి డిజిటల్ ప్రపంచం, రెండోది ప్రకృతి. దానికి గ్రామీలూ వచ్చాయి! ఈసారి నల్లగండ్ల ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు మొదటి డిస్కు పెట్టండి. ఆ ట్రాంబోన్లు మీ ఆఫీసు గురించే మాట్లాడుతున్నట్టు ఉంటాయి!