గుట్టమీద పెట్టె, ఢిల్లీలో ఫైలు

నయా రాయపూర్: ఛత్తీస్‌గఢ్ కొత్త శాసనసభ భవనాన్ని చూడవచ్చిన నన్ను, ఆ భవనంకంటె ఎక్కువగా ఆలోచింపజేసినది ఒక తెలుగు మిత్రుని డాబామీది ఆంటెన్నా. ఆయన దివిసీమలో పుట్టి, రైల్వే ఉద్యోగంలో ఈ ప్రాంతానికి వచ్చి, రిటైరై ఇక్కడే స్థిరపడినవారు. లైసెన్సు గల అమెచ్యూర్ రేడియో ఆపరేటరు. వాడుకలో 'హామ్' అంటారు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిననాటికి ఆయనకు పదేళ్లు. "తీగలు తెగాక మా గోడు వినే నాథుడు లేడండీ" అన్నారు.

ఆయన కోరిక ఒక రిపీటరు. చేతిలో ఇమిడే అయిదు వాట్ల సెట్టు మాట కొద్ది కిలోమీటర్లలోనే అణగిపోతుంది. ఎత్తయిన చోట పెట్టిన రిపీటరు ఆ మాటను ఒక ఫ్రీక్వెన్సీపై విని, వెంటనే మరొక ఫ్రీక్వెన్సీపై బిగ్గరగా వినిపిస్తుంది. మాట పదుల కిలోమీటర్లు సాగుతుంది. బ్యాటరీ ఉంటే చాలు, టెలిఫోను ఎక్స్ఛేంజితోగాని సెల్ టవరుతోగాని దానికి పని లేదు.

ఈ పెట్టెను ఏ ప్రభుత్వం ఎలా చూస్తుందన్నదే ప్రశ్న. అమెరికాలో తగిన తరగతి లైసెన్సు ఉన్న హామ్ వేరే లైసెన్సు లేకుండానే రిపీటరు నెలకొల్పవచ్చు. ఫ్రీక్వెన్సీల సర్దుబాటు హామ్‌లే చూసుకుంటారు. తగాదా వస్తే, ఆ సర్దుబాటుకు లోబడని రిపీటరుదే ప్రధాన బాధ్యత. జర్మనీ ప్రతి రిపీటరుకు ప్రత్యేక కాల్‌సైన్ ఇస్తుంది. జపానులో రిపీటరు లైసెన్సు వ్యక్తికి కాదు, దేశవ్యాప్త హామ్‌ల సంఘానికి. బ్రిటన్ ప్రతిదానికీ ప్రత్యేక అనుమతి కోరేది. 2024లో తక్కువ శక్తి గల వాటికి ఆ షరతు సడలించింది. ఒకరు వ్యక్తిని నమ్మారు, మరొకరు సంఘాన్ని నమ్మారు. నమ్మకం మాత్రం అందరిదీ.

మన పద్ధతి వేరు. హామ్ పరీక్ష పాసై లైసెన్సు పొందినవారు కూడా రిపీటరుకోసం ఢిల్లీలోని కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ నుంచి మళ్లీ ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి. ప్రభుత్వపు భయం నిరాధారమని నేననను. బస్తరు అడవులకు దారితీసే ఈ రాష్ట్రంలో వైర్‌లెస్ సెట్టును అధికారులు అనుమానించడం సహజమే. కాని హామ్ సంభాషణ బహిరంగం. రహస్య సంకేత భాషను నిబంధనలే నిషేధించాయి. ప్రధానమంత్రి అయిన రాజీవ్ గాంధీ స్వయంగా హామ్. 2004 సునామీలో పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న హామ్‌ల బృందమే అండమాన్ కబుర్లు బయటికి చేరవేసింది. 2014 హుద్‌హుద్‌లో విశాఖ సెల్‌ఫోన్లు ఎలా మూగవోయాయో పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో కొత్త టెలికాం బిల్లును 2023 డిసెంబరులో ఉభయసభలూ ఆమోదించాయి. ప్రతిపక్షంవారు వందమందికి పైగా సస్పెండై సభ వెలుపల నిలిచిన రోజులవి. లోతుగా చర్చించడానికి లోపల మిగిలినవారెందరు?

హామ్‌లు కోరదగినది రాయితీ కాదు, గడువు. అర్హులకు ఇన్ని రోజుల్లోగా అనుమతి ఇస్తాము, ఇవ్వకుంటే కారణం రాసి చెబుతాము అని నిబంధనల్లో ఒక్క వాక్యం చేర్చితే చాలు. పార్లమెంటులో ఈ మాట అడగవలసిన మొదటి హక్కు, బాధ్యత కోస్తా సభ్యులవి. సెలవు తీసుకుంటుండగా మిత్రుడు ఆంటెన్నా వైపు చూసి, "తుపానుకు గడువు అక్కరలేదండీ" అన్నారు.