ఉమ్మడి కంప్యూటర్‌కు ఏ ఫైల్ సిస్టమ్ తగినది?

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌ను విజయనగరంతో కలిపే రైలు మార్గం 1931లో పూర్తయింది. నాటి నుంచీ ఉత్తరాంధ్రతో రాకపోకలు సాగుతున్న ఈ నగరంలో, తెలుగువారి దుకాణమైనా సంఘ కార్యాలయమైనా, లెక్కలు, సభ్యుల జాబితాలు, ఉత్సవాల వీడియోలు ఒకే కంప్యూటర్‌లో దాచి అందరూ నెట్‌వర్క్‌పై వాడుకోవడం సులువైన ఏర్పాటు. అయితే ఆ హార్డ్ డిస్క్‌ను ఏ ఫైల్ సిస్టమ్‌తో ఫార్మాట్ చేయాలి?

అన్ని కంప్యూటర్లూ చదవగలవన్న భరోసాతో ఫ్యాట్32నో, ఎక్స్‌ఫ్యాట్‌నో ఎంచుకునేవారున్నారు. ఇది అపోహ. నెట్‌వర్క్‌లోని ల్యాప్‌టాప్ ఆ డిస్క్‌ను నేరుగా చదవదు. గ్రంథాలయంలో పాఠకుడు కౌంటర్ వద్ద పుస్తకం అడుగుతాడు. బీరువాలోని వరుసతో అతనికి పని లేదు. ఇక్కడ ఆ కౌంటర్ ఎస్‌ఎంబీ అనే ప్రోటోకాల్. లినక్స్ కంప్యూటర్లు దానిని పాటించేందుకు తోడ్పడే సాంబా సాఫ్ట్‌వేర్ తొలి రూపాన్ని ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో విడుదల చేశారు.

కనుక డిస్క్ ఏ కంప్యూటర్‌లో ఉంటుందో దానికి సహజమైన ఫైల్ సిస్టమే మేలు. విండోస్ అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్, లినక్స్ అయితే ఈఎక్స్‌టీ4. లినక్స్ కూడా ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్‌పై రాయగలదు గానీ, అది దెబ్బతింటే పూర్తిగా సరిచేసే సాధనాలు విండోస్‌లోనే ఉన్నాయి.

అసలు పరీక్ష కరెంటు పోయినప్పుడు ఎదురవుతుంది. వ్యాపారి ఖాతా పుస్తకంలోకి ఎక్కించే ముందు చిట్టాలో రాసుకున్నట్టే, ఎన్‌టీఎఫ్‌ఎస్, ఈఎక్స్‌టీ4 చేయబోయే మార్పును ముందుగా జర్నల్‌లో నమోదు చేస్తాయి. కరెంటు తిరిగి వచ్చాక దాని ఆధారంగా డిస్క్ అమరికను చక్కదిద్దుకుంటాయి. ఆ క్షణాన రాస్తున్న దస్త్రం పోవచ్చు, మిగిలినవి చిక్కుపడవు. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్‌లకు ఈ చిట్టా లేదు. ఎవరు చూడాలి, ఎవరు మార్చాలి అన్న అనుమతులను దస్త్రం వారీగా గుర్తుంచుకునే ఏర్పాటూ వాటికి లేదు. పైగా ఫ్యాట్32లో 4 జీబీకి మించిన దస్త్రం పట్టదు. పెళ్లి వీడియో ఒక్కటి చాలు ఆ హద్దు దాటడానికి.

దస్త్రాలకు తెలుగులో, హిందీలో పేర్లు పెట్టేవారు గమనించాల్సింది మరొకటుంది. ఈఎక్స్‌టీ4లో పేరు 255 బైట్లకు మించరాదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు లేదా దేవనాగరి సంకేతానికి 3 బైట్లు కావాలి. అంటే గరిష్ఠంగా 85 సంకేతాలు. గుణింతాలు, వత్తులు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో 255 వరకు పడతాయి. అక్కడి నుంచి ఇక్కడికి మార్చేటప్పుడు పొడవైన పేర్లున్న దస్త్రాలు నిలిచిపోతాయి.

డిస్క్‌ను ఊడదీసి విండోస్, మ్యాక్ కంప్యూటర్ల మధ్య తిప్పవలసి వస్తే మాత్రం ఎక్స్‌ఫ్యాట్ సరైనదే. మ్యాక్ తనంతట ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను చదువుతుంది గానీ, దానిపై రాయదు.

ఫార్మాట్ చేస్తే పాత సమాచారం చెరిగిపోతుంది కాబట్టి ముందే మరో డిస్క్‌లోకి ప్రతి తీసుకోవాలి. ఫ్యాట్32 నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు, సమాచారం చెరగకుండా మార్చే కన్వర్ట్ ఆదేశం విండోస్‌లోనే ఉంది. ఎక్స్‌ఫ్యాట్‌కు అది వర్తించదు.