కర్ర ఆరితే కూలి తగ్గుతుంది, కార్బన్ తగ్గదు

పట్నంలో ఇప్పుడు బల్ల, బీరువా, మంచం అట్టపెట్టెలో పలకలుగా దిగుతున్నాయి. వడ్రంగితో పనిలేదు, కాగితం మీద బొమ్మ చూసి మరలు బిగించుకోవడమే. స్వీడన్‌లో పుట్టిన ఐకియా కంపెనీ 2018 ఆగస్టులో హైదరాబాదులో దేశంలోనే తన మొదటి దుకాణం తెరిచింది. ఈ సామాను వల్ల గాలికి ఎంత చెరుపు అని చదువుకున్నవాళ్లు లెక్కలు వేస్తున్నారు. అశ్వారావుపేట, దమ్మపేట, బూర్గంపాడు కూలీలకు ఆ లెక్కతో పనేమిటి అంటారా? ఉంది.

ఆ పలకల్లో చాలావాటిలో అసలు చెక్క ఉండదు. జామాయిల్, సుబాబుల్ వంటి తోట కర్రను పేళ్లు చేసి, నూరి, జిగురు కలిపి, వేడిమీద అదిమితే పలక అవుతుంది. శ్రీకాళహస్తి దగ్గర 2018లో అలాంటి ఫ్యాక్టరీ ఒకటి మొదలైంది. ఆ జిగురు చాలావరకు యూరియాతో చేసిందే. మనం వరిమళ్లో చల్లే యూరియాయే! అది చాలావరకు సహజవాయువుతోనే తయారవుతుంది. పేళ్లు ఆరబెట్టడానికి వేడి కావాలి, మిషన్లకు కరెంటు కావాలి. కరెంటంటే ఏమిటో పాల్వంచ, మణుగూరు పొగగొట్టాల కింద బతికేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

పలకలుగా కడితే లారీలో ఎక్కువ పడతాయి, డీజిలు కలిసొస్తుంది. ఆ మాట నిజమే, కాదనను. కాని అసలు తేడా వస్తువు ఎన్నేళ్లు ఉంటుందన్న దగ్గర వస్తుంది. బాగా ఆరిన కర్ర క్వింటాలు ఉంటే అందులో సగం కార్బనే. అది కాలినా, కుళ్లినా దాదాపు 180 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలోకి పోతుంది. మన తాతలు చేయించిన టేకు మంచం మూడు తరాలు ఆ కార్బన్‌ను పట్టి ఉంచింది. పొట్టు పలక నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, మర ఒకసారి ఊడితే మళ్లీ పట్టదు.

మన జిల్లాలో ఈ లెక్క కొత్తది కాదు. సారపాకలో కాగితం మిల్లు 1979లో ఉత్పత్తి మొదలుపెట్టింది. దాని వెనకే జామాయిల్ పొలాల్లోకి వచ్చింది. 2009లో ఐ.టి.సి. వారి ఖమ్మం జిల్లా తోటల పథకం ఐక్యరాజ్యసమితి కార్బన్ పథకంలో నమోదయింది. మూడు వేల హెక్టార్లకు పైగా భూమి, ఏటా 57 వేల టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువు పీల్చుకుంటుందని అంచనా. చెట్టు మళ్లీ కొట్టేదే కాబట్టి తోటల మీద ఇచ్చే కార్బన్ క్రెడిట్లకు గడువు పెట్టారు. అంత జాగ్రత్తగా రాశారన్నమాట!

ఆ పద్దులో చెట్టు కొలత ఉంది, కాండం చుట్టుకొలత ఉంది, నేల ఉంది. గొడ్డలి పట్టిన చెయ్యికి అందులో గడి లేదు.

ఇప్పుడు కూలి సంగతికి వద్దాం. నరకడం, తొక్క ఒలవడం, ముక్కలు కొయ్యడం, లారీకి ఎత్తడం. వీటన్నిటికీ కలిపి టన్నుకింత అని గుత్త. ఆలుమగలిద్దరూ చేసినా కూలి టన్నుకే. పచ్చి కర్రలో దగ్గరదగ్గర సగం నీళ్లుంటాయి. లారీ ఈరోజు రాదు, రేపు రాదు. గుత్తేదారు పది రోజులు కర్రను ఎండలో పడేస్తాడు. కాటా దగ్గర టన్నులు తగ్గుతాయి, దాంతోపాటు కూలీ తగ్గుతుంది. నీరు పోయిందేగాని ఆ కర్రలోంచి కార్బన్ పోలేదు. చెట్టు పద్దు చెక్కు చెదరలేదు, ఒలిచిన ఆడకూతురి పద్దు మాత్రం తరిగిపోయింది. కాటా చీటీ చూపించమంటే గుత్తేదారుకు కోపం!

పైగా జామాయిల్ వేసిన చేలో పని నాటినప్పుడు, మళ్లీ నాలుగైదేళ్లకు కొట్టినప్పుడు. అదే చేలో పత్తో మిరపో ఉంటే ఏటా ఏరుడు పని దొరికేది. రైతును తప్పుపట్టడం కాదిది. గిట్టుబాటు లేక, కూలి ఖర్చు భరించలేక అతను కర్ర వేస్తున్నాడు. ఆ భారం వచ్చి కూలి మీద పడుతోంది.

కాబట్టి వచ్చే కోతకు బేరం కుదుర్చుకునే ముందే ముఠా మేస్త్రీలు కాగితం మీద రాయించుకోవలసినవి ఉన్నాయి. కొట్టిన మూడు రోజుల్లో కాటా పెట్టాలి, లేదా పచ్చి కర్రకు గట్టు మీదే కొలత వెయ్యాలి. కాటా చీటీ నకలు ముఠాకివ్వాలి. దుంగ మీదపడినా, పాము కరిచినా వైద్యం ఖర్చు గుత్తేదారుదే. ముఠాలన్నీ ఒక్కమాట మీద ఉంటేనే ఇది జరుగుతుంది, ఒక ఊరు అడిగి పక్క ఊరు తక్కువకు ఒప్పుకుంటే లారీ పక్క ఊరికే పోతుంది.