ఆడపిల్ల ఆత్మవిశ్వాసానికి ఆహారం, ఆదరణ

ఆడపిల్ల నలుగురిలో మాట్లాడడానికి జంకితే బిడియమని సరిపెట్టుకుంటాము. దాని వెనుక నిస్సత్తువ కూడా ఉండవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల బాలికలలో 59 శాతం మందికి రక్తహీనత ఉంది.

పటాన్‌చెరులో మావారిది షిఫ్టు ఉద్యోగం. అయినా మా పన్నెండేళ్ల అమ్మాయికి వేళ తప్పకుండా సజ్జరొట్టె, ఆకుకూర పప్పు పెడతాను. ఇనుము అధికంగా గల ‘ధనశక్తి’ సజ్జకు మూలం మా ఊరి ఇక్రిశాట్ పరిశోధనే. పప్పులో నిమ్మరసం పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనంతో టీ తాగితే ఆ మేలు తగ్గుతుంది. సాయంత్రం నువ్వులుండ ఇస్తాను.

మనసుకూ పోషణ కావాలి. అహితమైన ఆలోచనల నుండి మనసును మరల్చే చికిత్సను చరకుడు ‘సత్వావజయం’ అన్నాడు. మా జిల్లాలోని మాచ్నూర్‌లో 2008లో మొదలైన సంఘం రేడియోలో గ్రామీణ దళిత స్త్రీలే మైకు ముందు కూర్చుని మాట్లాడారు. ఆ సంగతి విన్న మా అమ్మాయి రోజూ రాత్రి ఐదు నిమిషాలు ‘ఇంటి వార్తలు’ చెబుతోంది. తప్పులు దొర్లినా మధ్యలో ఎవరమూ అడ్డురాము. ఈమధ్య తరగతిలో లేచి, అర్థంకాని లెక్కను మళ్లీ చెప్పమని అడిగింది.

పిల్ల పాలిపోయినా, మెట్లెక్కితే ఆయాసపడినా ఇంటి ఆహారంతో సరిపెట్టక, రక్తపరీక్ష చేయించి వైద్యుని సంప్రదించండి.