మెయిల్‌లో తెలుగు గజిబిజిగా కనిపిస్తోందా?

మండవల్లిలో చేపల చెరువు అర్జీని డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్‌తో కొట్టించి, అదే మ్యాటర్ మెయిల్‌లో పేస్ట్ చేసి పంపితే ఏలూరు ఆఫీసులో అర్థం కాని గుర్తులే కనిపిస్తాయి. అను ఫాంట్ ఇంగ్లిష్ గుర్తుల మీద తెలుగు బొమ్మలు తొడుగుతుంది. అవతల ఆ ఫాంట్ లేకపోతే తొడుగు ఊడిపోతుంది. పాత ఇన్‌పేజ్‌లో కొట్టిన ఉర్దూకూ ఇవే తిప్పలు. యూనికోడ్‌లోకి మార్చి పంపాలి. అర్జీకైతే పీడీఎఫ్ జతచేయడం ఇంకా నయం.

యూనికోడ్‌లో పంపినా ఒక్కోసారి పిచ్చి గుర్తులొస్తాయి. యూటీఎఫ్-8లో ‘క’ అంటే 3 బైట్లు. మెయిల్ ప్రోగ్రాం వాటిని విడివిడిగా చదివితే ఒక్క అక్షరం మూడు ముక్కలవుతుంది. ఎన్‌కోడింగ్‌ని యూటీఎఫ్-8కి మారిస్తే చాలు, చాలాసార్లు సరిపోతుంది. వరసగా ప్రశ్నార్థకాలే ఉంటే మాత్రం అక్షరాలు దారిలోనే పోయినట్టు. గడువు దాటకముందే ఆఫీసుకు ఫోన్ చేసి, అర్జీ మళ్లీ పంపాల్సిందే.