తామరాకు కూడా కుళ్లుతుంది

నీటిని అంటనీయని వస్తువు కావాలంటే అది ఎన్నటికీ చెడని రసాయనంతోనే సాధ్యమన్న నమ్మకం పరిశ్రమలో బలంగా నాటుకుంది. రెయిన్‌కోట్ల నుంచి తినుబండారాలు చుట్టే కాగితాల దాకా ఫ్లోరిన్ పూతలు పూసింది అందుకే. కార్బన్–ఫ్లోరిన్ బంధాన్ని తెంచడం సూక్ష్మజీవులకు దాదాపు అసాధ్యం. అందువల్ల అవి నీళ్లలో, మట్టిలో, చివరికి మన రక్తంలో పేరుకుపోయాయి. ఈ ఫ్లోరిన్ రసాయనాల కుటుంబానికే చెందిన పీఎఫ్‌ఓఏను 2019లో స్టాక్‌హోం ఒప్పందం నిర్మూలించాల్సిన రసాయనాల జాబితాలో చేర్చింది. తామరాకును చూస్తే ఆ నమ్మకం నిలవదు. దాని మీద ఉన్నది మామూలు మైనమే. బార్త్‌లాట్, నైన్‌హూయిస్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్తలు 1997లో వివరించినట్టు, ఆకు మీది కంటికి కనబడని బొడిపెలు, వాటిపై మైనపు నలుసులు కలిసి బొట్టు కింద గాలిని నిలిపి ఉంచుతాయి. ఆ ఆకే వాడిపోయాక బురదలో కలిసిపోతుంది. నునుపైన తలం మీద ఎంత మేలైన ఫ్లోరిన్ పూత పూసినా నీటిబొట్టు తలంతో చేసే కోణం సుమారు 120 డిగ్రీలు దాటదు. బొట్టు గుండ్రంగా దొర్లిపోవాలంటే 150 దాటాలి, దానికి గరుకుదనం తప్పనిసరి. అంటే, అసలు బలం రసాయనానిది కాదు, ఆకారానిది.

ఆ ఆకారాన్ని తయారుచేసే తేలికైన దారి ఎలక్ట్రోస్పిన్నింగ్. సిరంజిలో పాలిమర్ ద్రావణం పోసి, సూదికి 10 నుంచి 30 వేల వోల్టులు ఇస్తే, సూది మొనలోని బొట్టు శంకువులా సాగి సన్నని ధారగా దూకుతుంది. అది గాల్లో మెలికలు తిరుగుతూ ఆరిపోయి, వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని పోగులుగా పలకపై పరుచుకుంటుంది. ద్రావణాన్ని కాస్త పలచన చేస్తే పోగుల మధ్య పూసలు ఏర్పడి గరుకుదనం ఇంకా పెరుగుతుంది. ప్రకృతికి మేలైన ప్లాస్టిక్‌గా అమ్ముడయ్యే పాలీలాక్టిక్ ఆమ్లం రేకుగా ఉన్నప్పుడు నీటిబొట్టు కోణం 80 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, అంటే ఆ రేకు కాస్త తడుస్తుంది. అలాంటి పదార్థం పోగైతే నీటిని ఎలా తోస్తుంది? పోగు గుండ్రంగా ఉండటమే కారణం. నీటి అంచు పోగు నడుం దాటి కొద్దిగా కిందికి దిగి అక్కడే నిలిచిపోతుంది, అడుగున గాలి మిగులుతుంది.

నీటిని తోసేది మట్టిలో ఎలా కుళ్లుతుందన్న సందేహం న్యాయమైనదే, ఎందుకంటే ఈ పాలిమర్ల గొలుసు తెగాలంటే నీరు కావాలి. కానీ పోగుల సందుల్లో నీటి ఆవిరికి అడ్డు లేదు. పైగా మట్టిలోని సూక్ష్మజీవులు సబ్బులాంటి పదార్థాలు వదులుతాయి, వాటితో గాలిపొర కూలి నీరు లోపలికి చేరుతుంది. అప్పుడు ఆ సన్నని పోగుల విశాలమైన ఉపరితలమంతా ఎంజైములకు అందుబాటులోకి వస్తుంది. ఇంతకన్నా గట్టి అభ్యంతరం పాలీలాక్టిక్ ఆమ్లం మీదే ఉంది. దాదాపు 58 డిగ్రీల వేడితో నడిచే కంపోస్టు కేంద్రంలో తప్ప అది త్వరగా విచ్ఛిన్నం కాదు, సముద్రంలో ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. దాన్ని ప్రకృతికి మేలైనదిగా అమ్మడం సరి కాదని నా అభిప్రాయం. బ్యాక్టీరియా తమ ఒంట్లో కొవ్వులా దాచుకునే పాలీహైడ్రాక్సీబ్యూటిరేట్, లేదా పాలీకాప్రోలాక్టోన్ ఇంతకంటే నమ్మదగినవి. రాపిడికి ఈ పోగులు అణిగిపోతాయన్నదీ నిజమే, అందుకే రెయిన్‌కోటుకు ఇవి పనికిరావు. ఒక్కసారి వాడి పారేసే పొట్లానికి, గాయం కట్టు పైపొరకు అంత మన్నిక అక్కర్లేదు. ముందుగా మార్చవలసింది పాలిమర్‌ను కరిగించే ద్రావకాన్ని. క్లోరోఫాం బదులు ఎసిటిక్, ఫార్మిక్ ఆమ్లాల మిశ్రమంలో పాలీకాప్రోలాక్టోన్ పోగులు ఇప్పటికే తీయగలుగుతున్నారు.